చెయ్యెత్తండి

పురసవాక్కంలో, రెండో అంతస్తులో,
గోడలకి స్పాంజి అంటించిన గది.
జనాన్ని అందులో కూర్చోబెట్టి
చెవులకి శబ్దాలు పంపడం నా ఉద్యోగం.
"వినబడినంతసేపూ చెయ్యెత్తి ఉంచండి,
ఆగిపోగానే దించండి."
పద్నాలుగేళ్లుగా నా నోట ఇవే రెండు ముక్కలు,
తమిళంలో ఎక్కువ, తెలుగులో కొంత.

ఆవేళ గజపతి నాయుడు గారు.
పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో
ముప్పయ్యేళ్లు రేకుల మీద సుత్తిదెబ్బలు తిన్న చెవులు.
సన్నని కూత ఒకటి వదిలాను, ఆపకుండా.
చెయ్యి లేచింది.
పదో సెకనుకి మోచెయ్యి వంగింది.
ఇరవయ్యోదానికి అరచెయ్యి ఒళ్లో వాలింది.
"ఆగిపోయిందమ్మా."
అద్దం ఇవతల నా సూది కదల్లేదు.
శబ్దం అక్కడే ఉంది,
ఆయనే లేచి వెళ్లిపోయారు.

నెలకి నలుగురు ఇలా వస్తారు.
అంకె వేస్తాను, సంతకం పెడతాను, మర్చిపోతాను.
ఆవేళ మాత్రం 29సిలో కిటికీ పక్కన
చెవుల్లో నా పాట మొదలైంది.
నా పాట అంటే, పెళ్లికి ముందు నుంచీ నాతో ఉన్నది.
ఓటేరి కాలవ దగ్గర రెండో చరణం,
సిగ్నల్ పడితే ఇంకోసారి పల్లవి.
దిగి, కూరలు కొని, తాళం తీస్తుంటే గుర్తొచ్చింది
పాట ఎప్పుడు అయిపోయిందో నాకు తెలీదని.

రాత్రి మిద్దె మీద, ఎవరూ చూడకుండా,
నాకు నేనే పరీక్ష పెట్టుకున్నాను.
ఒక్కో పాటా పెట్టి చెయ్యెత్తి నిలబడ్డాను
జవాబు తెలిసిన బడిపిల్లలా.
నా పాటకి, పల్లవి రెండో పాదం దాటలేదు చెయ్యి.
వానపాటకి వేణువు దాకా.
నాన్న ఈలవేసే పాటకి మొండికేసి ఎత్తే ఉంచాను,
భుజం లాగింది.
అది వినడం కాదు.
నలభై ఆరింటిలో పదిహేడు ఫెయిలు.

"రిటైర్ చేసెయ్ అక్కా," అంది మెహరున్నీసా,
"శాలువా కప్పి, గోడగడియారం ఇచ్చి."
శాలువా లేదు. ఒక్కొక్కదానికీ ఫోను
"నిజంగా తీసెయ్యాలా?" అని అడిగింది.
పదిహేడు సార్లు అవునన్నాను.
నాన్న పాట దగ్గర కాస్త ఆలస్యంగా.

మొదటి వారం
పీకించుకున్న పంటి గుంతలోకి నాలుక పోయినట్టు
వేలు అక్కడికే పోయేది.
తర్వాత, కండక్టరు ఈలలో
రెండు స్వరాలున్నాయని తెలిసింది.
వెనకవీధి క్యారంబోర్డు కుర్రాళ్ల గానాలో
చావు మీద కట్టిన పాట కూడా నవ్వించింది.
పైవాటాలో వయొలిన్ నేర్చుకునే పిల్ల
రోజూ ఒకే చోట తప్పుతుంది.
ఆ చోటు దగ్గర పడుతుంటే
ఉల్లిపాయ మీద కత్తి ఆపి నిలబడతాను.
మరిది కూతురు పంపిన ఇరవై పాటల్లో
పందొమ్మిది కొత్త చెప్పుల్లా కరిచాయి, విడిచేశాను.
ఒకటి ఇంకా కరుస్తోంది.
అయినా వేసుకునే తిరుగుతున్నాను.

నాయుడు గారు మళ్లీ వచ్చారు, మిషను కోసం.
అదే కూత, అదే సన్నదనం. చెయ్యి వాలింది.
ఆపేశాను. ఒక నిమిషం ఆయనా నేనూ
అద్దానికి చెరోవైపు ఊరికే కూర్చున్నాం.
మళ్లీ వదిలాను, ఒక్క పిసరు కూడా పెంచకుండా.
చెయ్యి గభాలున లేచింది.
"ఇదుగోనమ్మా, వచ్చింది!"
సొంత మనిషెవరో రైలు దిగినట్టు.

కార్తీకం. వాన. ఓటేరిలో బస్సు కదలడం లేదు.
టీకొట్టు పరదా కిందనుంచి ఏదో పాట,
సగం నీళ్లలో నానిపోయి.
బాగుందే, ఎవరిదబ్బా, అనుకున్నాను.
నిజంగా అనుకున్నాను, నాలుగు క్షణాలు.
ఐదో క్షణంలో
రాడ్డు పట్టుకున్న చెయ్యి
దానంతటదే పైకి లేచింది.
కండక్టరు ఈలవేశాడు, రెండు స్వరాలూ.
"ఎన్నమ్మా, ఎరంగణుమా?"
బస్సంతా నావైపే చూస్తోంది.
చెయ్యి దించలేదు.